పదో సంతకం

ఇలా దగ్గరికి జరుగు. ఆ ఫోన్ బోర్లా పెట్టు. మీ పిన్ని, అదే మా చిన్నమ్మాయి, వార్డు ఎన్నికల్లో నిలబడి, ఓట్లకంటే ముందు మొగుణ్ణి సంపాదించిన కథ చెబుతాను.

అప్పుడు మా వార్డుకు ఒక మెంబరుండేవాడు. పళ్లాయన అనేవాళ్లం. చేసిన పని గోరంత లేదు గానీ, ప్రతి గోడమీదా ముప్పైరెండు పళ్లూ బయటపెట్టి నవ్వుతుండేవాడు. కాలువ పొంగి వీధి వీధంతా ముక్కు మూసుకుంటే, గోడమీద ఆయనొక్కడే హాయిగా ఉండేవాడు. సిగ్గు అంగట్లో దొరికేదైతే నేనే కొని పంపేదాన్ని.

ఒకరోజు, వాన వెలిసిన పొద్దున్న, మీ పిన్ని తన కుట్టుకొట్టు తెరవబోతే గోడకు నిచ్చెన వేసుకుని ఒక పెయింటర్ ఆ పళ్లే దిద్దుతున్నాడు.

"ఏమయ్యా, ఎవర్ని అడిగి ఎక్కావు?"

"సార్ చెప్పారండి. ఇంకో నాలుగు పళ్లే మిగిలాయి."

"గోడ మీ సార్ తాతదా? దిగి సున్నం కొట్టు!"

"నవ్వు బాగా రాలేదాండీ?"

"బాగానే వచ్చింది. కంపు ఒక్కటే తక్కువ."

దిగివచ్చి సున్నం కొట్టాడు. కొట్టినంతసేపూ గోడకంటే ఆమెనే ఎక్కువ చూశాడు. ఆ గోడ ఎంత మచ్చలమచ్చలుగా తేలిందో చెప్పక్కర్లేదు.

ఆ కోపంలోనే మీ పిన్ని పోటీ చేస్తానంది. పార్టీ లేదు, జెండా లేదు. బట్టలు కుట్టించుకునే ఆడవాళ్లు ఆరుగురు, ఒక నోటుబుక్కు, అంతే. ఇంటింటికీ వెళ్లి, "నేనేం చేస్తానంటే" అనకుండా "మీకేం పాడైంది?" అని అడిగి రాసుకునేది.

"ఇది ప్రచారమా, జాకెట్టు కొలతలా?" అన్నాను.

మర్నాడే ఆ పెయింటర్ హాజరు. "మాది వెనక వీధేనండీ, ఈ వార్డే. నేనూ తిరుగుతాను." ఇద్దరికీ ఒకటే గొడుగు. తడిసేది మాత్రం వాడే. తుమ్ముతూ ఓట్లడిగేవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

పోటీకి కాగితం వేయాలంటే ఆ వార్డు ఓటర్లు పదిమంది బలపరచాలి. పళ్లాయనకు జడిసి జనం వెనకాడితే, లెక్క తొమ్మిది దగ్గర ఆగిపోయింది. పదో సంతకం పెయింటర్ పెట్టాడు, కోట గెలిచినంత ఠీవిగా.

ఆఖరి రోజు మూడింటికి గడువు. ఆఫీసులో గుమాస్తా జాబితామీద వేలు రెండుసార్లు నడిపించాడు.

"ఈ పెయింటర్ ఓటు పక్క వార్డులో ఉందమ్మా. ఈ సంతకం చెల్లదు. ఇంకా ఇరవై నిమిషాలుంది."

పక్క బల్ల దగ్గర పళ్లాయన గోడమీదకంటే వెడల్పుగా నవ్వాడు.

మీ పిన్ని వెనకే నిలబడ్డ పెయింటర్ వైపు తిరిగింది. "ఈ వార్డే అన్నావు?"

"వీధి వెనకదేనండీ. వార్డే... పక్కది."

"ఎందుకు అబద్ధమాడావు?"

"పక్క వార్డంటే మీతో తిరగనివ్వరని."

విన్నావా ఆ తెలివి? పిల్ల మనసు కోసం పిల్ల ఎన్నికనే ముంచాడు!

నేను బెంచీమీదే ఉన్నాను. ఊరందరి గుమ్మాలూ ఎక్కిన పిల్ల కన్నతల్లిని మాత్రం అడగలేదు. ఎందుకో నాకు తెలుసు. నేను వేలిముద్రదాన్ని, నలుగురిలో చిన్నబోతానని. లేచి వెళ్లి బొటనవేలు సిరాలో ముంచాను.

"వేలిముద్రా!" అన్నాడు పళ్లాయన.

"నీకు సంతకం వచ్చుగా నాయనా, అయిదేళ్లలో మా కాలువ కాగితంమీద ఒక్కటైనా పెట్టావా?"

గుమాస్తా దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని, కాగితం తీసుకున్నాడు.

బయట వాన. వాడు దోషిలా మెట్లమీద నిలబడ్డాడు.

"ముందు నీ ఓటు మా వార్డుకు మార్చుకో," అంది మీ పిన్ని, వాడి మొహం చూడకుండా.

"ఏ అడ్రస్ రాయమంటారండీ?"

"మా ఇంటిదే రాయి."

వాడు అక్కడికక్కడే జేబులో కలం వెతుక్కున్నాడు. "ఒరేయ్, ముందు మీ అమ్మను తీసుకురా, అడ్రస్ తర్వాత," అన్నాను నేను.

ఎన్నికా? గెలిచింది, పంతొమ్మిది ఓట్ల తేడాతో. వాడి ఓటు అప్పటికింకా మారనేలేదు.

గుర్తుపెట్టుకో. రేపు నీ పిల్లలకు చెప్పేటప్పుడు మీ బాబాయిని మరీ వెర్రివాణ్ణి చేయకు. కాస్త చెయ్యి, ఫరవాలేదు.