చెంబు మీది నాలుగు అక్షరాలు

పొద్దున చర్చి ఆఫీసుకు వచ్చేటప్పుడు జయలక్ష్మి చేతిలో ఉన్నవి మూడు. సుబ్బరాయలు అనే పేరు, 1901 అనే సంవత్సరం, అవ్వ ప్రశ్న ఒకటి. మధ్యాహ్నం పన్నెండయినా ఆ మూడే ఉన్నాయి.

సుబ్బరాయలు జయలక్ష్మి అవ్వ అమ్మాయమ్మకు అన్న. 1901లో సైగాన్ ఓడ ఎక్కినవాడు మళ్ళీ రాలేదు. అంతకుముందు, చర్చికి వచ్చే క్రైస్తవుల పిల్ల అన్నమ్మాళ్‌ను పెళ్ళి చేసుకుంటాడట అని తండ్రికి చెప్పేసింది అప్పటికి ఏడేళ్ళున్న అవ్వే.

"నేను చెప్పబట్టే నాయన అన్నను తరిమేసినాడేమో పాపా" అని అవ్వ ఇప్పటికీ అంటుంది.

ఫ్రెంచివాళ్ళు పుదుచ్చేరిని ఇండియాకు పూర్తిగా అప్పగించిన ఏడాది, 1962 అది. ఫ్రాన్సుదా ఇండియాదా, ఏ దేశపు పౌరసత్వ కాగితం తీసుకోవాలో తేల్చుకోవడానికి ఊరంతా పాత రిజిస్టర్ల కోసం క్యూ కట్టింది. జయలక్ష్మి ఇంట్లో ఫ్రెంచి చదవగలిగింది తనొక్కతే.

"దొరికిందా?" అన్నాడు గుమస్తా త్యాగరాజన్.

"లేదు మామా. పెళ్ళిళ్ళ పుస్తకంలో అన్ని పేజీలూ చూసినా."

అన్నీ చూడలేదు. ఒక పేజీ కింద ఏవో మెలికలు కనిపించాయి. ఎవరో పాడుచేసిన పేజీ అనుకుని తిప్పేసింది. ఆకలి వేస్తోంది మరి.

ఇంట్లో అదే మాట చెప్పింది. అవ్వ కంచం పక్కకు జరిపింది.

"అయితే పెళ్ళి జరగలేదు. నాయన తరిమేసిందే నిజం."

జయలక్ష్మి నీళ్ళ కోసం ఇత్తడి చెంబు ఎత్తింది. చెంబు మెడ మీద అవే మెలికలు.

"అవ్వా, ఇదేంది?"

"మా నాయన పేరు, రామానుజం. తెలుగులో చెక్కించినాడు. ఆయనకు వచ్చింది ఆ నాలుగు అక్షరాలే. యాడ సంతకం పెట్టాల్నన్నా అదే."

ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే. ఆ అక్షరాలు చదవడం మాత్రం ఎవరికీ రాదు.

జయలక్ష్మి లెక్క వేసుకుంది. చెబితే తనకు తిట్లు. చెప్పకపోతే అవ్వకు ఆ దిగులు. తిట్లే చవక.

"అవ్వా, నేను అబద్ధం చెప్పినా. ఒక పేజీ చదవకుండానే తిప్పేసినా. దాని కింద ఈ మెలికలే ఉన్నాయి."

అవ్వ లేచింది. "చెంబు తీసుకో, పద."

"చెంబెందుకు పెద్దమ్మా, మా దగ్గర నీళ్ళు లేవా?" అన్నాడు చర్చి ఆఫీసులో త్యాగరాజన్.

ఈసారి జయలక్ష్మి ఒక్కో వరుస కింద వేలు పెట్టి చదివింది. సుబ్బరాయలుకూ అన్నమ్మాళ్‌కూ పెళ్ళి. వరుడి తండ్రి సమ్మతితో, ఆయన ఎదుట. ఆ కింద నాలుగు తెలుగు అక్షరాలు.

అవ్వ చెంబును పేజీ పక్కన పెట్టి ఒక్కో అక్షరమే సరిచూసింది.

"వచ్చినాడు. మా నాయన చర్చికి వచ్చి నిలబడినాడు." గట్టిగా ఊపిరి వదిలింది. "నాకొక మాట చెప్పి ఉండొచ్చు గదా, ముసలోడు."

వెనక క్యూలో నిలబడిన పొన్నమ్మాళ్ అనే ఆమె ముందుకు వంగింది. "మా అమ్మ పేరు కూడా చూస్తావా తల్లీ?"

జయలక్ష్మి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది.

సాయంత్రానికి లెక్క ఇదీ. పేరు, సంవత్సరం అలాగే ఉన్నాయి. ప్రశ్న లేదు. కొత్తగా వచ్చినవి అన్నమ్మాళ్ అనే ఇంకో అవ్వ, జయలక్ష్మికి చదవడం వచ్చిన నాలుగు తెలుగు అక్షరాలు.

రావలసిన తిట్లు మాత్రం రాలేదు.