అకోత్ తల్లికి ఫోన్

డోర్కాను చంపింది ప్రభుత్వం పేరు చెప్పుకునే దొంగ. వాడి చేతికి ఆమెను అప్పగించింది ఊళ్లోవాడే. ఆమె భర్త జబ్లోన్ దృష్టిలో ఈ రెండూ తేలిపోయిన విషయాలు.

తేలాల్సింది ఒక్కటే... ఆ ఊళ్లోవాడు ఎవడు?

"గట్టిగా పట్టుకో బావా."

మోటార్ సైకిల్ సరస్సు ఒడ్డున చేపల బజారులోంచి దూసుకుపోతోంది. నడుపుతున్నది ఊమా. డోర్కా తమ్ముడు.

జబ్లోన్ అనుమానం వాడి మీదే. ఆ సంగతి ఊమాకూ తెలుసు. అక్క సమాధిలో పిడికెడు మట్టి కూడా వేయనివ్వలేదు మరి.

ముందు ఇంకో బండి. దాని మీద నీలం చొక్కా. కళ్లదాకా దించిన టోపీ.

ఇందాక వాడు బజారులో ఒక ముసలామె దగ్గర డబ్బు తీసుకోవడానికి వచ్చాడు. పింఛను ఆఫీసరునని చెప్పి. ఆమె ముందే పోలీసులకు చెప్పేసింది. సార్జెంట్ నెకేసా కాపు కాసింది. డోర్కాను మోసం చేసిందీ వాడేనని జబ్లోన్, ఊమా కూడా అక్కడికి వచ్చారు. వాడికి యూనిఫాం కనబడింది...

బండెక్కాడు. పారిపోతున్నాడు.

మలుపు. ఇసుక మీద వలలు పరిచి ఆరబోసిన చిన్న చేపలు. ఊమా బండి వాటి మీద నుంచే పోయింది.

"ఏం ముసలోడా, కళ్లు సరస్సులో పారేసుకున్నావా?" వెనక నుంచి ఒకావిడ.

జబ్లోన్ తల తిప్పడు. నీలం చొక్కానే చూస్తున్నాడు. వాడు రేవు చేరి పడవ ఎక్కితే ఇక దొరకడు. ఆ పేరు ఎవరిచ్చారో ఎప్పటికీ తెలియదు.

ఆ పేరు... అకోత్.

జబ్లోన్, డోర్కాల మొదటి బిడ్డ. తొమ్మిది రోజులు బతికింది. ఏ కాగితంలోనూ ఆ పేరు లేదు. కానీ ఊళ్లో నలభై ఏళ్లుగా డోర్కాను అకోత్ తల్లి అనే పిలిచారు.

ఏడు నెలల కిందట ఫోన్ మోగింది.

"అకోత్ తల్లేనా? ఆరోగ్య శాఖ నుంచి మాట్లాడుతున్నాం. నీ ఆసుపత్రి కార్డు ఈరోజుతో రద్దయిపోతుందమ్మా."

పరాయివాడికి తెలియని పేరు. అందుకే నమ్మింది. ఫోన్‌కు వచ్చిన అంకెలు చదివి చెప్పింది. ఆపరేషన్ కోసం ఆవుల్ని అమ్మి దాచిన డబ్బు ఆ ఫోన్‌లోంచే పోయింది. ఆపరేషన్ ఆగింది.

ఆ తర్వాత పదకొండో వారంలో ఆమె పోయింది.

"నువ్వే చెప్పావు," అంటాడు జబ్లోన్, ఊమా చెవిలో. ఈ స్పీడులో కూడా.

"వెయ్యిసార్లు అడిగావు బావా. వెయ్యిసార్లు కాదన్నాను."

"బీరు పడితే నీ నోరు ఆగదు."

"నీది పడకపోయినా ఆగదు. కాళ్లు దగ్గర పెట్టుకో."

రేవు వచ్చేసింది. తడి నేల. ముందు బండి జారింది... పడింది.

నీలం చొక్కా లేచి నీళ్లలోకి పరిగెత్తాడు. పడవ పది అడుగుల దూరంలో ఉంది. ఊమా బండి మీద నుంచే దూకాడు. కాళ్లు పట్టి లాగాడు.

జబ్లోన్ వాడి గొంతు పట్టుకున్నాడు. తల నీళ్లలో ముంచాడు.

పైకి లాగాడు.

"అకోత్ పేరు ఎవడు చెప్పాడు?"

దగ్గు.

మళ్లీ ముంచాడు. టోపీ నీళ్లలో కొట్టుకుపోయింది.

ఈసారి పైకి లాగినప్పుడు ముఖం కనిపించింది.

జబ్లోన్‌కు ఆ ముఖం తెలుసు.

పోయినేడు వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో ఫైలు. ముసలివాళ్లకు ఇచ్చే భత్యం నమోదు అన్నాడు. ఊరి పెద్ద జబ్లోనే కాబట్టి ఇంట్లో కూర్చోబెట్టాడు. డోర్కా మొక్కజొన్న పిండితో ఉగాలి ముద్ద వండి, పెద్ద చేప వీడికే వడ్డించింది.

"ఎవడు చెప్పాడు?" జబ్లోన్ మళ్లీ అడిగాడు.

"నువ్వే కదా పెద్దాయనా."



"కార్డుల మీది పేర్లు చాలన్నాను. ఆ పేర్లతో ఇక్కడ ఎవరూ పలకరు, పిలిచే పేర్లు రాసుకో అన్నావు. నీ నోటుబుక్కు తెచ్చి ఇంటింటి పేర్లూ చదివావు. మొదట మీ ఆవిడనే రాయించావు... భత్యం ముందు ఆమెకే రావాలని."

జబ్లోన్ వాడి గొంతు వదిలేశాడు.

ఊమా మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. దొంగ కదలకుండా చొక్కా పట్టుకున్నాడు.

నెకేసా రొప్పుతూ వచ్చింది. బేడీలు వేసింది. దొంగను పోలీసులు లాక్కెళ్లారు.

"పెద్దాయనా, శుక్రవారం ప్రభుత్వం తరఫున చీఫ్ ఊరి సభ పెడుతున్నాడు. వచ్చి జరిగింది చెప్పు. ఏ ఆఫీసువాళ్లూ ఫోన్‌లో అంకెలు అడగరని, ఎంత దగ్గరి పేరు పెట్టి పిలిచినా చెప్పొద్దని..."

"మీరు చెప్పండి."

"యూనిఫాం చూసి నమ్మొద్దని యూనిఫాం వేసుకుని ఎలా చెప్పను? నీ మాటైతే వింటారు."

"నా మాట విన్నవాళ్లు ఏమయ్యారో చూశారుగా."

ఆమె ఊమా వైపు చూసింది.

"వీడు చెబుతాడు," అన్నాడు జబ్లోన్. "నోటుబుక్కు సంగతితో సహా చెప్పమనండి. నా పేరు దాచక్కర్లేదు."

"బావా..." అన్నాడు ఊమా.

జబ్లోన్ వాడి ముఖం చూడలేదు. తడిసిన బట్టలతోనే గట్టు ఎక్కాడు.

"ఈ సంగతి ఇక నా నోట రాదు. చీఫ్ అడిగినా, నువ్వు అడిగినా. చచ్చేదాకా."