భాగ్యమ్మ మగ్గం మీద జానెడు బట్ట

కాశిబుగ్గలో మా చర్చి వెనక సందు చివర ఒక పెంకుటిల్లు ఉంది. మొన్న డిసెంబరులో రాత్రి తొమ్మిది దాటితే ఆటోవాళ్లు ఆ సందులోకి రామని మొండికేశారు. "ఇక్కడ్నే దిగుండ్రి, జర నడిచి పోండ్రి" అనేవారు. క్రిస్మస్ పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగే మా చర్చి కుర్రాళ్లు కూడా ఆ గుమ్మం దగ్గరకు రాగానే పాట ఆపి, డప్పు చంకన పెట్టుకుని గబగబా దాటేశారు.

కారణం ఒక్కటే. తాళం వేసి ఉన్న ఆ ఇంట్లో మగ్గం ఆడుతోంది...

నేను దెయ్యాలను నమ్మను. ఇన్నేళ్లలో అవి కూడా నా జోలికి రాలేదు కాబట్టి మా మధ్య తగాదా ఏమీ లేదు. ఈ సంగతి నాకు చెప్పినవాడు ఆ పక్కింటి పండరి. అతడు ఆడిన మాట తప్పడం నేనెరగను — ఒక్కసారి తప్ప. ఈ కథంతా ఆ ఒక్కసారి గురించే.

ఆ ఇల్లు భాగ్యమ్మది. మొన్నటి డిసెంబరుకు ముందటి ఏడు, నవంబరులో చనిపోయింది. ఆమెకు ఎడమకాలు పొట్టి. గుంత మగ్గంలో కూర్చుని తొక్కేటప్పుడు ఆ కాలు ఒక క్షణం ఆలస్యంగా అందుకునేది. అందుకని ఆమె మగ్గం చప్పుడు కూడా కుంటేది. టక్, ధడ్... కాస్త ఆగి... టక్, ధడ్. ఊళ్లో ఎన్ని మగ్గాలు ఆడుతున్నా అది ఆమెదేనని నేతపనివాళ్లు ఇట్టే చెప్పేవారు. మనం మనిషిని గొంతుతో గుర్తుపడతాం, వాళ్లు మగ్గంతో గుర్తుపడతారు.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. క్రిస్మస్‌కు చర్చిలో మేము పశువుల పాక కడతాం. అందులో గడ్డి మీద బాలయేసు బొమ్మ కింద పరిచే తెల్లబట్ట ఆ ఇంటి మగ్గం మీదే నేయాలి. మూరన్నర బట్ట. ఇరవై నాలుగు రాత్రి ఆరాధనకు ముందే మగ్గం దిగాలి. పండగయ్యాక ఆ బట్ట తిరిగి భాగ్యమ్మ ఇంటికే వెళ్లేది. ఆ ఏడు సందులో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా, ఏ దేవుడిని మొక్కే ఇల్లయినా, పొత్తిగుడ్డగా ముందు దాంట్లోనే చుట్టేవారు. భాగ్యమ్మకు అది అత్త నేర్పింది, ఆ అత్తకు వాళ్ల అత్త. పక్కింటి పండరి పుట్టినప్పుడు చుట్టింది కూడా అలాంటి బట్టలోనే.

పండరిదీ ఒకప్పుడు మగ్గమే. ఆరేళ్ల కిందట అమ్మేశాడు. కొన్నవాడు దాన్ని కట్టెలకు కొన్నాడని తర్వాత తెలిసింది. భార్య పోయింది. ఇప్పుడు ఒక ఫంక్షన్ హాలుకు పగటి వాచ్‌మన్. రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చి, అన్నం తిని, భాగ్యమ్మ ఇంటి గోడకు ఆనించిన మంచం మీద పడుకుంటాడు. మాట్లాడే మనిషి లేని ఇంట్లో భాగ్యమ్మ ఉన్నన్నాళ్లూ గోడవతలి మగ్గం చప్పుడే అతనికి తోడు.

చనిపోయిన ఏడు కూడా భాగ్యమ్మ పడుగు ఎక్కించింది. నిలువు దారాలన్నీ సిద్ధం చేసుకుంది, ఇక అడ్డదారం నేయడమే తరువాయి. అంతలో జ్వరం వచ్చి దవాఖానలో పడింది. కొడుకు ముందే పోవడంతో మిగిలిన కోడలు సుగుణ రాత్రింబగళ్లు మంచం పక్కనే ఉంది. పండరి చూడటానికి వెళ్తే భాగ్యమ్మ తలవాకిలి తాళంచెవి అతని చేతిలో పెట్టింది.

"తమ్మీ... ఈసారి నువ్వు నేసియ్యి. గడ్డి ఉత్తగ ఉండొద్దు."

"ఫికర్ చెయ్యకక్కా. నేను నేస్త."

మాటిచ్చాడు. నేయలేదు.

చేతులు మర్చిపోయాయనో, డ్యూటీ ఉందనో సాకు చెప్పుకున్నాడు. అసలు సంగతి నాకు తర్వాత చెప్పాడు: "మళ్ల మగ్గం ఎక్కితే మళ్ల దిగాలె కదన్నా. ఒక్కసారి దిగుడే నాతోని కాలే." భాగ్యమ్మను సమాధి చేసిన మర్నాడు తాళంచెవి పట్టుకుని ఆ గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చేశాడు. సుగుణ హనుమకొండలో ఆయాగా పని చేస్తూ అక్కడే గది తీసుకుంది. చర్చిలో పాక కట్టేవాణ్ని నేనే కాబట్టి, ఆ ఏడు దుకాణంలో కొన్న తువ్వాలు పరిచి సరిపెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు. పండరి మాత్రం చర్చి మెట్ల దగ్గర తల వంచుకుని నిలబడి వెళ్లిపోయాడు.

మొన్న డిసెంబరు పదకొండు రాత్రి... గోడవతల చప్పుడు.

టక్, ధడ్... కాస్త ఆగి... టక్, ధడ్.

పండరి లేచి కూర్చున్నాడు. మేకుకు వేలాడుతున్న తాళంచెవి వంక చూశాడు. కదలకుండా అక్కడే ఉంది. బయటికి వచ్చి చూస్తే పక్కింటి తలుపుకు తాళం వేసినట్టే ఉంది. లోపల చీకటి. మరి నేస్తున్నదెవరు?

అతనికి వేరే అనుమానమే రాలేదు. తాను తప్పిన మాట కోసం అక్క వచ్చింది. సమాధిలో పడుకోనివ్వక, కుంటికాలితో మళ్లీ మగ్గం ఎక్కించానని — అదీ అతని బాధ. భయం కంటే సిగ్గు ఎక్కువైంది. దుప్పటి ముసుగేసుకుని తెల్లవార్లూ ఆ చప్పుడు విన్నాడు. మర్నాడు కూడా, ఆ మర్నాడు కూడా. సందంతా గుప్పుమంది. అందరూ భయపడ్డారు, పండరి ఒక్కడే ఏడ్చాడు.

ఇరవై మూడో తేదీ వచ్చింది. ఇక ఒక్క రోజే ఉంది.

ఆ రాత్రి చప్పుడు మొదలవగానే పండరి తాళంచెవి తీసుకున్నాడు. దండం పెట్టి చెబుదామనుకున్నాడు — అక్కా, నువ్వు లే, మిగిలింది నేను నేస్తానని. తాళం రెండుసార్లు జారింది. మూడోసారి తిరిగింది.

తలుపు కొంచెం తోశాడు...

మగ్గం గదిలో నేల మీద సన్నని వెలుగు. ఆ వెలుగులో ఒక ఆడమనిషి. నడుము దాకానే ఉంది. కింద నేలే. తలమీద తెల్లముసుగు. చేతులు ఆడుతున్నాయి.

టక్, ధడ్... కాస్త ఆగి...

జన్మంతా గుంత మగ్గంలో కూర్చున్నవాడే, కాళ్లు గుంతలో ఉంటాయని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా ఆ క్షణాన అదేదీ గుర్తు రాలేదు. గడప మీదే చేతులు జోడించాడు.

"అక్కా... తప్పయింది..." అన్నాడు గొణుగుతూ.

మగ్గం ఆగింది. ముసుగు ఇటు తిరిగింది.

"ఎవలు? పండరి మామా?"

సుగుణ. తలమీద చలికి కప్పుకున్న శాలువా. పక్కన వెల్లకిలా పెట్టిన ఫోను లైటు. కరెంటు మీటరు తీసేసి చాన్నాళ్లయింది. పెరటి తలుపు తాళంచెవి ఆమె దగ్గరే ఉంది, వెనక సందులోంచి వస్తే ఎవరికీ కనపడదు.

పండరికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నీ కాళ్లు మంచిగనే ఉన్నయి గద బిడ్డా... నీ మగ్గమెందుకు కుంటుతాంది?"

"అత్తమ్మ దగ్గర నేర్చుకున్న. నాకు గట్లనే వస్తది మామా. ఎట్ల మార్చుకోవాల్నో తెల్వదు."

పండరి దగ్గరికి వచ్చి, మగ్గం మీది బట్టను చేత్తో తడిమాడు. ఇంకో జానెడు నేస్తే అయిపోతుంది.

"పన్నెండు దినాల సంది ఒక్కదానివే వస్తున్నవా? గోడ పక్కనే ఉంటి, పిలవకపోతివి."

సుగుణ వింతగా చూసింది. "పన్నెండెక్కడియి? నాకు సెలవు దొరకలే. నిన్న రాత్రి వచ్చిన, ఇయ్యాల వచ్చిన. గంతే."

పండరి మళ్లీ బట్ట వంక చూశాడు.

"నిన్న నేనొచ్చేటాలకు మొదటి జానెడు నేసే ఉండె," అంది సుగుణ. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "తాళంచెవి నీ దగ్గరనే ఉండె గద, నువ్వే నేసి దాస్తున్నవు. చూసి మస్తు ఏడ్చిన. అత్తమ్మకిచ్చిన మాట నిలుపుకుంటున్నవు మామా. ఈ లోకంల నేనొక్కదాన్నే ఉన్ననని అనుకున్న ఇన్నొద్దులు."

పండరి మొదటి జానెడు మీద చేయి వేశాడు.

"లే బిడ్డా," అన్నాడు చివరికి. "మిగిలింది నేను నేస్త."

ఆరేళ్ల తర్వాత గుంతలోకి కాళ్లు జార్చాడు. తెల్లారేలోపు బట్ట మగ్గం దిగింది.

ఇరవై నాలుగు సాయంత్రం నేను గడ్డి మీద ఆ బట్ట పరుస్తుంటే పండరి వెనక నిలబడ్డాడు. ఎన్నడూ చర్చి లోపలికి రానివాడు. మొదటి జానెడు చూపించి చెవిలో మెల్లగా అన్నాడు.

"అన్నా... ఈ దిక్కు బిడ్డ తల కిందికి రావాలె."

ఎందుకన్నాను. అప్పుడు చెప్పాడు ఇదంతా. నిజం సుగుణకు చెప్పావా అని అడిగాను.

"చెప్పలే. సచ్చి కూడా అక్క నా మాట నిలబెట్టింది. నేనెట్ల కాదంట?"

పండగ వెళ్లి నెల దాటింది. సుగుణ హనుమకొండలోనే ఉంది, ఆదివారాలు వచ్చి ఇల్లు ఊడ్చి పోతోంది. ఆటోలు మళ్లీ ఆ సందులోకి తిరుగుతున్నాయి. మొన్న టీ కొట్టు దగ్గర పండరి కనబడితే, ఇప్పుడు హాయిగా నిద్రపడుతుందా అని వేళాకోళానికి అడిగాను.

గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"గోడకు చెవి పెట్టి పండుకుంటున్ననన్నా... రోజూ," అన్నాడు. "ఏం వినొస్తలేదు."