మామ వంతు మిర్చి

దవాఖాన వరండాలో భిక్షం కనబడగానే సుక్కమ్మ అన్న మొదటి మాట, "ఎందుకొచ్చినవ్? ఒట్టు తగిలిందా లేదా చూసి పోదామనా?"

నాలుగేళ్ల తర్వాత ఎదురుపడ్డ మేనబావతో అనవలసిన మాటేనా అది? భిక్షం కొల్లాపూర్ నుంచి పాలమూరు దాకా బస్సులో నిలబడి వచ్చాడు. ఆ మాట పడడానికి సిద్ధపడే వచ్చాడు. తల్లి ఇచ్చిన గొంగడి చంకలోంచి తీసి బల్ల మీద పెట్టి, "అవ్వ పంపింది. సలి పెడతది, మామకు కప్పు" అన్నాడు.

ఒట్టు సంగతి ఇది. సుక్కమ్మ పుట్టినప్పుడే ఆ పిల్ల భిక్షానికే అని రెండిళ్లవాళ్లూ అనుకున్నారు. ఆమె తండ్రి గుర్వయ్య, భిక్షం తండ్రి మల్లయ్య స్వయానా బావాబామ్మర్దులు, గొర్లను కలిపే మేపేవారు. నాలుగేళ్ల కింద, పంతొమ్మిదివందల అరవైలో, ఒక పండుగకు గుర్వయ్య చెల్లెలింట్లో కడుపునిండా మాంసం తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక తెలిసింది, మల్లయ్య తనను అడగకుండా కోసింది తన మందలోని విత్తనపు పొట్టేలునే అని. "మళ్లీ మీ ఇంటి మెతుకు ముడితే నా గొంతు మూసుకపోవాలె" అని అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు. వియ్యంకుడి ఇంట్లో విస్తరి ముందు కూర్చోనివాడు పిల్లనెలా ఇస్తాడు? పెళ్లి మాట అక్కడే ఆగిపోయింది.

ఇప్పుడు మెతుకు ముట్టకుండానే గొంతు మూసుకుపోయింది. లోపల గడ్డ. మంచినీళ్లు కూడా దిగడం లేదు. ఇక చేయగలిగిందేమీ లేదు, రేపు పొద్దున ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరు చెప్పేశాడు. తల్లి మందను విడిచి రాలేక ఊళ్లోనే ఉండిపోయింది. తండ్రి మంచం పక్కన సుక్కమ్మ ఒక్కతే.

గుర్వయ్య మేనల్లుణ్ణి చూశాడు, చూడనట్టు గోడవైపు తిరిగాడు. కాసేపటికి కూతుర్ని దగ్గరికి రమ్మని సైగ చేశాడు. గొర్ల అంగడికి పాలమూరు వచ్చినప్పుడల్లా బస్టాండు బజారులో మిర్చి బండి దగ్గర తినందే తిరిగి వెళ్లే మనిషి కాదు ఆయన.

"నాకైతే తినే రాత లేదు. నువ్వు పోయి తిని రా బిడ్డా" అన్నాడు, గాలిలాంటి గొంతుతో. "ఎట్లున్నయో చెప్పు. సెవులతోనన్న ఇంట."

సుక్కమ్మకు ఊరు కొత్త. వద్దన్నా వినకుండా భిక్షం దారి చూపిస్తూ నడిచాడు.

బస్టాండు బజారులో సన్నగా వాన మొదలైంది. ఇద్దరికీ కలిపి తలదాచుకోవడానికి బండి మీది తాటాకు పందిరే ఉంది. దాని కింద భుజం తగలకుండా నిలబడడం సుక్కమ్మకు పెద్ద పనైపోయింది. ముసలాయన నూనెలోంచి మిర్చీలు తీసి చెరో పొట్లం ఇచ్చాడు. ఆమె పొట్లం విప్పలేదు. భిక్షం తనది ఖాళీ చేశాడు. తర్వాత ఉడికించి తాళింపు వేసిన శనగ గుడాలు తిన్నాడు, జిలేబి తిన్నాడు, చాయ్ తాగాడు. అదీ మామూలుగా కాదు, కళ్లు మూసుకుని, గొర్రె నెమరు వేసినట్టు నిదానంగా. చూస్తున్నకొద్దీ సుక్కమ్మకు ఒళ్లు మండింది.

"మా బాపుకు గుక్కెడు నీళ్లు దిగుతలెవ్వు. నీకు గింత ఆకలెట్లయితాంది?"

"ఆకలి గాదు" అన్నాడు భిక్షం. చాయ్ అడుగుదాకా తాగి గ్లాసు కింద పెట్టాడు.

తిండిపోతు, అచ్చం తండ్రి పోలికే అనుకుంది సుక్కమ్మ. అంత కోపంలోనూ అతని మీసానికంటిన జిలేబి పాకం తుడవాలనిపించింది. దాంతో తన మీద తనకే కోపం వచ్చింది.

తిరిగొచ్చి తండ్రి పక్కన కూర్చుని, అన్నీ తిన్నానని, మంచిగున్నాయని చెప్పింది. మిర్చిలో ఏం పెట్టారని గుర్వయ్య అడిగాడు. ఉల్లిగడ్డ అంది. ఆయన ముఖం వాడిపోయింది. ఆ బండి మీద ఉల్లిగడ్డ ఏనాడూ పెట్టరు. కూతురు ఏమీ తినలేదని తెలిసిపోయింది.

అప్పుడు భిక్షం వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"మామా, సింతపండు, వాము నూరి పెట్టిండు. మొదలు పిండి కరకర అన్నది. పన్ను దిగినంక పులుపు తగిలింది. కారం ఎంటనే రాలె. జర ఆగి వచ్చి సెవులదాక పోయింది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి."

గుడాల మీద ఎర్రగా వేగిన ఉల్లిగడ్డ గురించి చెప్పాడు. జిలేబి కొరికితే పాకం వేడిగా నాలుక కిందికి జారడం గురించి చెప్పాడు. చాయ్‌నైతే ఒక్కొక్క గుక్కా చెప్పాడు. ఎక్కడా తొందరపడలేదు. గుర్వయ్య కళ్లు మూసుకుని విన్నాడు. పెదవులు కదిలాయి. గొంతుముడి ఒకసారి పైకి వెళ్లి కిందికి దిగింది. బజారులో అతను ఎవరికోసం తిన్నాడో సుక్కమ్మకు అప్పుడు అర్థమైంది. సిగ్గుతో తలెత్తలేకపోయింది.

"మల్లయ్య కొడుకు తినిపిస్తే తిన్న" అన్నాడు గుర్వయ్య. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. గొంతు ముందే మూసుకపాయె, ఇంక పొయ్యేదేమున్నది?"

కూతురి చెయ్యి వెతికి పట్టుకుని భిక్షం చేతిలో పెట్టాడు.

"పెండ్లినాడు నాకు గూడ ఇస్తరి ఏయుమను, మీ బాపును. నా వంతు నువ్వు తిను."

మర్నాడు బస్సులో వెనక సీటు మీద గుర్వయ్యను పడుకోబెట్టారు. తల భిక్షం ఒళ్లో ఉంది, గొంగడి గుండెదాకా కప్పి ఉంది. జడ్చర్లలో బస్సు ఆగగానే సుక్కమ్మ ఎవరూ చెప్పకుండానే దిగింది. బండి దగ్గర నిలబడి వేడివేడి మిర్చి తింది. పాలమూరు వచ్చినప్పటి నుంచి ఆమె నోట్లో పడ్డ మొదటి తిండి అదే. కారానికి కళ్లనీళ్లు కారుతుండగానే బస్సెక్కి, ఇంకో మిర్చి భిక్షం చేతిలో పెట్టింది. అతని ముఖంలోకి సూటిగా చూసింది. అలా చూడడం అదే మొదటిసారి. తర్వాత తండ్రి చెవి దగ్గర వంగింది.

"బాపూ, ఈపాలి అబద్ధం గాదు. నిజంగనే తిన్న. మొదలు కరకర అన్నది."

బస్సు కదిలింది. భిక్షం చెయ్యి మామ గుండె మీద ఉంది. కరకర దగ్గరే ఆ చెయ్యి కింద కదలిక ఆగిందని అతనికి తెలిసిపోయింది. అయినా ఆమెను ఆపలేదు. పులుపు చెప్పనిచ్చాడు, కారం చెప్పనిచ్చాడు, తొడిమె దాకా చెప్పనిచ్చాడు.

అప్పుడు గొంగడి మెల్లగా పైకి లాగాడు.

"మొత్తం తిన్నడు సుక్కా" అన్నాడు. "ఇంక పండుకోనీ."