పేరు పెట్టని పడవ

అలకట్టు మధ్యాహ్నానికే మూసుకుంది. గాలివాన వస్తే రేవు నోటికి అడ్డంగా లేచే ఆ తేలుడు గోడ మనుషుల మాట వినదు. నియతి భాషలో రాసిన నియమాన్నే వింటుంది. నియతిలో ప్రతి విలువనూ ఉన్నదున్నట్టు రాయాలి. అంకె పక్కన కొలత ఉండాలి, పేరుకు అటూ ఇటూ కొటేషన్ గుర్తులుండాలి. ‘మనవాళ్లు’ అంటే దానికి బోధపడదు. అందుకే గోడకు నియమాలు రాసే ముగతమ్మ రేవులోని పడవల పేర్లన్నీ అందులో ఒక్కొక్కటే రాసింది. ఒక్క తప్పూ దొర్లలేదని ఆమెకు కాస్త గర్వం కూడా.

ఇప్పుడు గోడ అవతల ఆమె తమ్ముడు ఎల్లాజీ కొత్త పడవతో కెరటాల్లో చిక్కుకున్నాడు. మొదటి వేట ఒడ్డుకు చేరేదాకా ఆ ఊళ్లో పడవకు పేరు పెట్టరు. పేరు లేనిదానికి గోడ దిగదు.

“ఏదో ఒక పేరు నీ పేరుపలుకులో కొట్టీరా,” అంది ముగతమ్మ రేడియోలో. పేరుపలుకు అంటే పడవ పేరును గోడకు వినిపించే పెట్టె.

“వొద్దప్పా. చేప దిగకుండా పేరెడితే గంగమ్మకి కోపం. నానొప్పినా కలాసీలు ఒప్పరు.”

వాడి పంతం సడలలేదు. ఆమెకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. నియమంలో కొత్త వరస చేర్చి, పేరు రాయాల్సిన చోటు వదిలేసి పంపింది. విలువ లేదని నియతి తిప్పికొట్టింది. గుర్తులు పెట్టి, మధ్యలో ఏమీ రాయకపోతే? “” అని కొట్టింది.

నియతి ఒప్పుకుంది. ఏమీ లేకపోవడం కూడా దాని లెక్కలో విలువే.

గోడ దిగుతుంటే ముగతమ్మ ఆనందం పట్టలేక గట్టు మీదికి పరుగెత్తింది. ఎల్లాజీ లోపలికి వచ్చాడు. వాడి వెనకే ఇంకో పడవ, దాని వెనక మరొకటి, అన్నీ ఎవరివో. ఉప్పునీళ్లు దూరి వాటి పేరుపలుకులు మూగబోయాయి, గోడకు వాటి పేర్లూ ఖాళీయే. ఏ రేవూ తెరవక అవి మధ్యాహ్నం నుంచీ తీరం వెంట తిరుగుతున్నాయి.

తడిసి ముద్దయిన ఒక పెద్దాయన ఆమె చేతులు పట్టుకున్నాడు. “మేం వస్తన్నామని నీకెట్టా తెలిసిందమ్మా?”

“నాకు తెల్దు బాబూ. మా తమ్ముడి కోసం రాసేను,” అంది ముగతమ్మ సిగ్గుపడుతూ.

“అయినా ఆ రాతలో మేమూ పట్టాం గదమ్మా.” ఆయన ఏడుస్తూనే నవ్వాడు.

అంతలో సంఘం పెద్ద వచ్చాడు. “నీ తమ్ముడొచ్చీసేడు కదే, ఆ వరస తీసీ. పైవూరోళ్లందరూ మన రేవుకే వొస్తారు.”

వానలో దూరంగా ఇంకా దీపాలు ఊగుతున్నాయి.

“ఇంకా వస్తన్నారు మావా,” అంది ముగతమ్మ. “నాను తియ్యను.”