చెవి వెనక గాజు

నోటి దురుసు నాకు పుట్టుకతోనే వచ్చింది. చెవిలో చీము కూడా దాదాపు అప్పట్నుంచే. నేను బస్సు కండక్టర్ని. పక్కన కూర్చున్నవాళ్ళు ముక్కు మూసుకుని లేచిపోతుంటే ఒళ్ళు మండిపోయేది. "వాసనొస్తే దిగి నడవండి!" అని అరిచేదాన్ని. ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని.

చివరికి ఆపరేషన్ చేయించుకున్నాను. చెవి వెనక కుళ్ళిన ఎముకంతా తొలిచేసి, ఆ గుంతలో ఒక రకం గాజుపలుకులు నింపుతామన్నాడు డాక్టరు. "మీ నెత్తురుతోనే తడిపి ముద్దచేసి పెడతాం. మెల్లగా అదే ఎముకైపోతుంది. ఒళ్ళు దాన్ని తనదే అనుకుంటుంది" అన్నాడు. నిజంగానే చెవి ఎండిపోయింది. దిండు మీద మరక లేదు, వాసన లేదు. మా ఆయన మళ్ళీ నాకు ఆ పక్కన పడుకోవడం మొదలుపెట్టాడు.

కొన్నాళ్ళకి మొదలైంది... ఊపిరి.

నాది కాదు. నేను బిగబట్టినా అది ఆగదు. ఎవరో చెవికి నోరానించినట్టు తడిగా, వెచ్చగా... తర్వాత ఒక మగగొంతు.

"అమ్మాయ్... చీకటిగా ఉందేంటి?"

మా ఆయనతో చెబితే, "నీ నోటికి భయపడి దెయ్యాలు కూడా దగ్గరికి రావే" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ సాయంత్రమే ఆయన్ని లాక్కుని ఆస్పత్రికెళ్ళాను. గొడవ చూడలేనని ఆయన బయటే కూర్చున్నాడు.

లోపల గొంతు చించుకున్నాను. డాక్టరు నా కాగితాలు తిరగేస్తూ కూర్చున్నాడు. కట్లు కట్టే నర్సే తట్టుకోలేక నోరు విప్పింది.

"అక్కా, ఆ రోజు మీకంటే ముందు అదే బల్ల మీద ఒక పెద్దాయనకి చెవి ఆపరేషన్. ఆయన మత్తులోంచి మళ్ళీ లేవలేదు. ఆ కంగారులో ట్రే మార్చలేదు. మీ గాజు తడిపింది... ఆయన నెత్తురుతో."

"చచ్చినవాడి నెత్తురు నా తలలో పెట్టి కుట్లేశారా? ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదా? మీరు మనుషులేనా?" బల్ల మీదున్న పనిముట్లన్నీ ఒక్క తోపు తోశాను. "తియ్యండి! పూర్తిగా గట్టిపడకముందే తియ్యండి!"

డాక్టరు అప్పటికప్పుడే స్కాన్ తీయించాడు. గుంత ఉన్నచోట ఎముక తెల్లగా కట్టేసింది. దాని నడుమ నత్తగుల్లలా ఒక మెలిక. లోచెవి అలాగే ఉంటుందట. కానీ నా లోచెవి పక్కనే వేరేగా కనిపిస్తోంది. ఇది రెండోది. చిన్నది... మెదడువైపు తిరిగి ఉంది.

అది వింటోందని డాక్టరుకీ అర్థమైనట్టుంది. నోరు మెదపలేదు. తన చెవి వెనక వేలు పెట్టి, పెకలిస్తున్నట్టు సైగ చేసి, ఆపరేషన్ గది వైపు చూపించాడు. నేను పైకి అనలేదు. మనసులోనే అనుకున్నాను... తీసెయ్.

ఊపిరి ఆగింది.

"వద్దులెండి డాక్టరుగారూ" అంది నా నోరు, నెమ్మదిగా, ఎంతో మర్యాదగా. "చెవి బ్రహ్మాండంగా ఉంది. మీకెందుకు శ్రమ?"

నేను అనలేదు. ఒట్టు, నేను అనలేదు! లోపల బండబూతులు తిడుతున్నాను. పెదవులు మాత్రం నవ్వుతున్నాయి. డాక్టరుకి ప్రాణం లేచొచ్చింది. అంతకంటే ఏం కావాలి ఆ దొంగమొహానికి! నర్సొక్కతే గోడకి కరుచుకుపోయి నన్నే చూస్తోంది.

"హమ్మయ్య, చల్లబడ్డావు" అన్నాడు మా ఆయన, బయటికి రాగానే.

టాక్సీ ఎక్కాం. ఎక్కగానే మా ఆయన కునుకు తీశాడు. ఇల్లెక్కడో డ్రైవరుకి నా నోరే చెప్పింది. వీధి, మలుపు, గేటు రంగుతో సహా.

ఆ వీధి నేనెప్పుడూ చూడలేదు.