పానకాలు చెవి

పానకాలు అన్నం కంచం ముందు కూర్చోక ఆ రోజుకి మూడు రోజులైంది.

పొద్దున ఒక గ్లాసు మజ్జిగ, సాయంత్రం రెండు అరటిపళ్ళు... అంతే. కంచం పెడితే ఆకలి లేదంటాడు. ఆ మాటైనా కోడలి ముఖం చూసి అనడు, గోడకేసి అంటాడు. హేమశ్రీ వండిన గోంగూర పప్పు వండినట్టే మూత కింద ఉండిపోతోంది. కాపురానికొచ్చిన ఆరేళ్ళలో ఆ ఇంట్లో మామగారు వద్దన్న అన్నం మెతుకు లేదు. "అమ్మాయ్, ఇంకో ముద్ద" అన్న మాట వినకుండా ఆమె ఎప్పుడూ గిన్నెలు కడగలేదు. అలాంటిది, ఈ మూడు రోజులూ ఆ గిన్నెలు తోముతుంటే ఆమె కళ్ళ నీళ్ళు గిన్నెల్లోనే పడుతున్నాయి!

గొడవ చూస్తే కారు గురించి. చీరాలలో వాళ్ళ ఇల్లు సగం మగ్గం, సగం షెడ్డు. లోపలి గదిలో అత్తగారు పేరమ్మ చీరలు నేస్తుంది. వీధి వైపు షెడ్డులో పానకాలు, కొడుకు ఉదయ్ కుమార్ బళ్ళు బాగుచేస్తారు. పానకాలు కూడా పుట్టుకకి నేతగాడే. పాతికేళ్ళ వయసులో మగ్గం దిగి స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడు. గుంటూరు మిర్చి యార్డుకి మిరప బస్తాలు మోసే లారీలు ఆ దారిన పోతూ అతని షెడ్డు ముందు ఆగేవి. ఇంజన్ మీద స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకునేవాడు. విప్పకుండానే జబ్బు చెప్పేవాడు. ఆ చెవే అతని చదువు, ఆ చెవే అతని పరువు.

ఉదయ్‌కి పందెం కార్ల పిచ్చి. పాత ఎర్ర ఎస్టీమ్ ఒకటి కొని, తండ్రీకొడుకులు రెండేళ్ళు చెమటోడ్చి దాన్ని గుర్రంలా తయారుచేశారు. ఇంకో పది రోజుల్లో చెన్నై దగ్గర ట్రాకు మీద దాన్ని పరిగెత్తించాలి. అంతా అయ్యాక ఇంజన్‌కి పెట్రోలు ఏ దారిన పంపాలన్న దగ్గర పేచీ మొదలైంది. పానకాలు తానే పెట్టిన రెండు కార్బురేటర్లు ఉండాల్సిందే అన్నాడు. కాలు ఆనించీ ఆనించగానే పలుకుతాయని, దారిలో మొరాయిస్తే స్క్రూడ్రైవర్‌తో సరిచేసుకోవచ్చని ఆయన వాదం. ఉదయ్ ఇంజెక్షన్ కావాలన్నాడు. ట్రాకు మీద మలుపు తిరిగినప్పుడల్లా కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు ఒక పక్కకి ఒరిగి ఇంజన్ ఆకలితో దగ్గుతుంది, పొద్దుటి చల్లదనానికి సరిచేసింది మధ్యాహ్నం ఎండకి తప్పుతుంది, అదే ఇంజెక్షన్ అయితే చిన్న కంప్యూటర్ పెట్టె గాలినీ వేడినీ కొలిచి చుక్క చుక్క లెక్కగా పోస్తుందని అతని వాదం. హేమశ్రీకి అర్థమైందేమిటంటే, ఒకటి అత్తయ్య చేతి అంచనాతో వేసిన ఉప్పు, రెండోది చెంచాతో కొలిచి వేసిన ఉప్పు. ఏది రుచి అంటే ఆమె మాత్రం ఏం చెప్పగలదు!

చివరికి ఆదివారం పొద్దున వాడరేవు రోడ్డు మీద నడిపి చూద్దాం, బాగా పోతే కార్బురేటర్లే ఉంచుదాం అని ఉదయ్ ఒప్పుకున్నాడు. శనివారమంతా రెండింటినీ విప్పి, కడిగి, తుడిచి, బిగించారు. తుడిచే పని ఎప్పటిలా హేమశ్రీదే. ఆదివారం తీరా కారు కిలోమీటరు పోకముందే దగ్గడం మొదలెట్టింది. రోడ్డు పక్కన నిలబడ్డ పానకాలు చెయ్యెత్తి ఆపాడు. రెండో కార్బురేటర్‌కి గొంతు పట్టేసిందని, పెట్రోలు అందట్లేదని అన్నాడు. నిన్ననేగా విప్పి కడిగింది, ఎలా పట్టేస్తుందని ఉదయ్ విసుక్కున్నాడు. తండ్రి మళ్ళీ అదే మాట అన్నాడు. అప్పుడు, సముద్రానికొచ్చిన జనం ముందు, చేపల బుట్టలు దించుకుంటున్న ఆడవాళ్ళ ముందు, ఉదయ్ నోరు జారాడు.

"నీకు చెవులు పోయినయ్ నాన్నా. ఒప్పుకో."

పానకాలు స్క్రూడ్రైవర్ కారు బానెట్ మీద పెట్టి, ఇంటిదాకా నడిచే వచ్చాడు.

అంతే... ఆ రోజు నుంచి షెడ్డు గడప తొక్కలేదు. సోమవారం హేమశ్రీ నీళ్ళ బిందెతో వస్తూ చూసింది. ఆయన మగ్గం గదిలో మూలన కూర్చుని చేతి గడియారం విప్పి ఒక చెవికి, తర్వాత రెండో చెవికి ఆనించుకుంటున్నాడు. ఆనించి, తీసి, మళ్ళీ ఆనించి... తన చెవికి తానే పరీక్ష పెట్టుకుంటున్నాడు! మంగళవారం షెడ్డు తాళాలు తెచ్చి కొడుకు చొక్కా తగిలించే మేకుకి తగిలించాడు. శుక్రవారం బస్సుకి మంగళగిరిలో చెల్లెలింటికి పోతానని, ఇక అక్కడే ఉంటానని పేరమ్మతో చెప్పాడు. వినపడని మెకానిక్కు షెడ్డుకి ఎందుకన్నాడు. ఉదయ్ తల వంచుకుని విన్నాడు. కార్బురేటర్లు ఊడదీసి బుట్టలో పడేసి, ఇంజెక్షన్ బిగించడానికి గుంటూరు నుంచి కలీం అనే మెకానిక్కుని రమ్మని ఫోను చేశాడు.

బుధవారం పొద్దున వీధిలో పడుగు సాగదీశారు. ఈ కొస నుంచి ఆ కొసదాకా దారాలు చాపలా పరిచి, గంజి పట్టించి, నలుగురూ కుంచెలతో దువ్వుతున్నారు. హేమశ్రీ కూడా ఒక కొస పట్టుకుంది. నేతవారింట పుట్టిన పిల్ల, ఆ పని ఆమె చేతులకి వచ్చు. ఎండ ఎక్కుతుంటే గంజి ఆరి, దువ్విన కొద్దీ తెల్లటి పొట్టు రాలి ఆమె మోచేతుల మీద పడింది. తుడుచుకోబోయి... ఆగిపోయింది.

శనివారం! మామయ్య గుడ్డ అడిగాడు. తుడవడానికి ఎప్పుడూ వాడేది మెత్తబడ్డ పాత పంచె ముక్క, అది సబ్బు నీళ్ళలో నానుతోంది. ఆ సమయానికే తండ్రీకొడుకుల గొంతులు లేస్తున్నాయి. ఆలస్యమైతే ఇంకో మాట పెరుగుతుందని ఆమె పరుగున లోపలికి పోయి, మగ్గం మీంచి అప్పుడే దించిన బట్ట కొస నుంచి జానెడు ముక్క కత్తిరించి తెచ్చింది. తెల్లగా, కొత్తగా ఉంది, మంచిదేగా అనుకుంది. దాంతోనే ప్రతి ముక్కా రుద్ది రుద్ది తుడిచింది. గిన్నెల్లో మొదటి పెట్రోలు కూడా ఆ గుడ్డలోంచే వడగట్టి పోసింది. ఉతకని కొత్త బట్ట... గంజి బట్ట!

ఆమె కొస పక్కామెకి అప్పజెప్పి ఇంట్లోకి పరిగెత్తింది. ఉదయ్ కలీంని తీసుకురావడానికి బస్టాండుకి వెళ్ళాడు. షెడ్డులో బుట్టలోంచి రెండో కార్బురేటర్ తీసి, ఆరేళ్ళుగా చూస్తున్నట్టే, అడుగు గిన్నె మరలు విప్పింది. గిన్నె అడుగున పాలిపోయిన పొర. వేలితో తీసి బొటనవేలికి రాసింది. పెట్రోలు కంపు కొడుతోంది గాని, ఆ జిగురు... ఆ జిగురు ఆమెకు పుట్టిన నాటి నుంచీ తెలుసు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. గొంతు పట్టేసింది. పట్టించింది తను!

అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. తన తెలివితక్కువతనానికి ఆ పెద్ద మనిషి చెవిటివాడయ్యాడు. నలుగురిలో నగుబాటు పాలయ్యాడు. నేత తెలియని పిల్ల చేస్తే క్షమించొచ్చు, గంజి వాసనలో పెరిగిన తను చేస్తే...

మగ్గం ఆపి వచ్చిన పేరమ్మ సంగతంతా విన్నది. గిన్నెలో వేలు పెట్టి చూసింది.

"ఊరుకో. ఎటూ ఇంజెక్షన్ పెడుతున్నారుగా, ఈ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుస్తది?" అంది. "నీ మొగుడిది అసలే దూకుడు నోరు. కన్నతండ్రినే అన్నవాడు నిన్ను ఊరికే వదుల్తాడా?"

"మరి మామయ్య వెళ్ళిపోతారుగా అత్తయ్యా. చెవులు పోయినయ్యనుకుంటా వెళ్ళిపోతారుగా."

పేరమ్మ కొంగుతో కోడలి ముఖం తుడిచింది. "పద. నేను పక్కనుంటా" అంది.

ఉదయ్, కలీం పెట్టెలు దించుకుంటుండగా పేరమ్మ భర్తని చెయ్యి పట్టుకుని షెడ్డులోకి తీసుకొచ్చింది. ఆయన గడప దగ్గరే ఆగిపోయాడు. హేమశ్రీ కార్బురేటర్ గిన్నె రెండు చేతులా పట్టుకుని ఆయన ముందు నిలబడింది.

"మామయ్యా, మీ చెవికేం కాలేదు. తప్పు నాది. ఉతకని కొత్త గుడ్డతో తుడిచాను. గంజి పొట్టు దిగి పట్టేసింది. మీరు చెప్పిందే నిజం."

ఉదయ్ వచ్చి గిన్నెలోకి చూశాడు. అతని ముఖం ఎర్రబడింది. భార్య వైపు తిరిగి ఏదో అనబోయాడు.

"ఒరేయ్" అన్నాడు పానకాలు. గొంతు పెద్దదేం చెయ్యలేదు. "ఆ పిల్లనొక్క మాటన్నావంటే ఊరుకోను. తప్పు చేసి దాచుకున్నోళ్ళని చానామందిని చూశా. చేతుల్లో పెట్టి తెచ్చిన దాన్ని ఇప్పుడే చూస్తున్నా."

ఉదయ్ కళ్ళు నేలకి వాలాయి. "నాన్నా, ఆదివారం నేనన్న మాట..." అని ఆగిపోయాడు.

"అన్నావు. విన్నాను. చెవులున్నయ్ గదా."

కలీం అటు తిరిగి నవ్వు దాచుకున్నాడు. ఉదయ్ మాత్రం నవ్వలేదు. చిన్నపిల్లవాడిలా తండ్రి చెయ్యి పట్టుకుని తన కళ్ళకి ఆనించుకున్నాడు. పానకాలు ఆ చెయ్యి విడిపించుకోలేదు. రెండో చేత్తో మాత్రం కార్బురేటర్‌లోంచి పెట్రోలు దిగే చిన్న జెట్టు ఊడదీసి వెలుతురుకి పెట్టి చూశాడు. సూది మొనంత బెజ్జం, అవతలి వెలుతురు కనపడలేదు. పెట్రోలులో ముంచి ఊదబోతే పేరమ్మ అడ్డుపడింది. గంజి పెట్రోలుకి వదుల్తుందటయ్యా, వేణ్ణీళ్ళు కావాలి, అంత మాత్రం మరిచిపోయావా నేతగాడివై ఉండి, అని దెప్పింది. తనే పొయ్యి మీద నీళ్ళు కాచి తెచ్చింది. ముక్కలన్నీ ఆ నీళ్ళలో ముంచి, గాలి కొట్టి, ఆరబెట్టి, మెత్తటి పాత పంచె ముక్కతో తుడిచారు. ఆ ముక్క హేమశ్రీ చేతికి అందించింది పానకాలే. ఆమె తడబడుతుంటే తల ఊపి, కానివ్వమన్నాడు.

మధ్యాహ్నానికి కార్బురేటర్లు బిగించి ఇంజన్ తిప్పారు. పానకాలు స్క్రూడ్రైవర్ పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఒక మరని కొంచెం ఇటు, ఇంకోదాన్ని వెంట్రుకవాసి అటు... గరగరలాడుతున్న ఇంజన్ గొంతు సవరించుకుని ఒక్క శ్రుతిలోకి వచ్చింది. మూడు రోజులుగా బిగుసుకుపోయిన ఆయన ముఖం ఆ శ్రుతితో పాటే విచ్చుకుంది. ఉదయ్ వాడరేవు రోడ్డు మీద ఒక చుట్టు కొట్టి వచ్చేసరికి కలీం తన పెట్టెలు మళ్ళీ సర్దేసుకుంటున్నాడు.

"ఇట్టా పలికే బండికి నేనేం పెట్టాలి పెద్దాయనా. పోయొస్తా" అన్నాడు.

"ఎక్కడికి పోయేది? నీ ఇంజెక్షన్ పెట్టు" అన్నాడు పానకాలు.

అందరూ తెల్లబోయారు. ఉదయ్ ముందుకొచ్చి వద్దని, కార్బురేటర్లతోనే వెళతానని, ఇక ఈ విషయంలో తండ్రి మాట దాటనని చెప్పాడు. పానకాలు తల అడ్డంగా తిప్పాడు.

"మలుపులో పెట్రోలు ఒరుగుద్దన్నావే, అది నిజం. నాకు మొదటి రోజే తెలుసు. మిట్టమధ్యాహ్నం ఎండకి లెక్క తప్పుద్ది, అదీ నిజం. ట్రాకు మీద నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని కారెనక పరిగెత్తగలనా? ఎందుకొద్దన్నానంటే..." ఆయన కొంచెం ఆగాడు. "ఆ పెట్టె వస్తే ఇక ఈ షెడ్డులో నేనెందుకు అనిపించింది. అంతేరా."

మాట అందుకున్నది కలీమే. ఈ పాత ఇంజన్‌కి పెట్టె అంకెలు చూపిస్తుంది గాని పెట్రోలు తప్పుగా మండి లోపల దెబ్బ తగులుతుంటే చెప్పలేదన్నాడు. సన్నగా టకటకమంటూ వినపడుతుందట ఆ దెబ్బ. అది వినకుండా లెక్క పెంచుకుంటూ పోతే పిస్టన్ పగులుతుందన్నాడు.

"నా లాప్‌టాప్‌కి చెవుల్లేవు పెద్దాయనా. పక్కన మీరు కూచుంటేనే నేను పని మొదలెడతా."

పానకాలు నిదానంగా వెళ్ళి, కొడుకు చొక్కా మేకు నుంచి షెడ్డు తాళాలు తీసి తన మొలలో దోపుకున్నాడు. అది చూసి పేరమ్మ ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, మంగళగిరి సంచిలో సర్దిన పంచెలు తీసి మళ్ళీ దండెం మీద వేసింది. హేమశ్రీకి మూడు రోజుల బరువు ఒక్కసారిగా గుండె మీంచి దిగినట్టయింది. ఈసారి వచ్చిన కన్నీళ్ళని ఆమె తుడుచుకోలేదు.

అప్పటికి పొద్దు బాగా వాలింది. ఆయన చేతులు కడుక్కుని వచ్చి, వంటింటి గడప ముందు, తను ఎప్పుడూ కూర్చునే చోట పీట వాల్చుకున్నాడు. కొడుకునీ కలీంనీ చెరో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. హేమశ్రీ గబగబా పొయ్యి వెలిగించి పప్పు వేడిచేసింది, అన్నం వార్చింది. కంచం పెట్టి, ఆయన ముఖంలోకి చూసే ధైర్యం చాలక పక్కకి తిరిగి నిలబడింది.

"అమ్మాయ్" అన్నాడు పానకాలు, కంచం ఖాళీ చేసి, ఆమె ముఖం చూసి.

"ఆఁ మామయ్యా."

"ఇంకో ముద్ద పెట్టు. ఆ వార్చిన గంజిలో ఉప్పేసి ఒక గ్లాసు పొయ్యి. ఇక నుంచి గంజి నాకు పొయ్యమ్మా, ఇంజన్‌కి పొయ్యకు."